కణాల్లో దాచిన బద్ధకం

అన్నయ్యకి నమస్కారాలు.

మొన్న మా ఇంటికొచ్చి, ఒంట్లో ప్రతి కణంలోనూ శక్తి ఉంటుందనీ, ఏ పని చేసినా అది ఖర్చవుతుందనీ మీ బావగారికి పాఠం చెప్పావు చూడు, నా కొంప ముంచావు. మర్నాటి నుంచే ఆయన శక్తి దాచుకోవడం మొదలెట్టారు. మన ఇస్త్రీ కొట్లో బల్ల పక్కనే మంచం వేసుకుని పడుకున్నారు. ఇస్త్రీకొచ్చిన హోటలు దుప్పట్లన్నీ నా నెత్తిన పడ్డాయి. కుడి భుజం పైకి లేవడం లేదు. ఆయనకి నాలుగు చీవాట్లు పెట్టు.

నీ చెల్లెలు

తా.క. ఈగ వాలినా తోలడానికి నన్నే పిలుస్తున్నారు.

---

చెల్లెలికి ఆశీస్సులు.

బావకి ఇది చదివి వినిపించు. వాడుకునే శక్తిని కణం మూటగట్టి ఉంచుకోదు. ఎప్పటికప్పుడు తయారు చేసుకుని, ఎప్పటికప్పుడు ఖర్చు పెడుతుంది. తిన్నది మిగిలితే కొవ్వై పొట్టలో చేరుతుంది. కండరాల కణాల్లో శక్తి పుట్టించే బుల్లి పొయ్యిలుంటాయి. కష్టపడేవాళ్ళకి అవి పెరుగుతాయి, పడుకున్నవాళ్ళకి తరుగుతాయి. సైన్సు మాస్టారి మాటకి తిరుగులేదు.

మీ అన్నయ్య

తా.క. నేను చెబుతుంటే మీ వదిన రాస్తోంది. పెన్ను పడితే నాకు వేళ్ళు లాగుతాయి.

---

అన్నయ్యా,

చదివి వినిపించాను. లేచి కూర్చుని మరీ విన్నారు. "అంటే పని చేసేకొద్దీ లాభం నీకేనన్నమాట! నీ లాభానికి నేనెందుకు అడ్డం?" అని మళ్ళీ పడుకున్నారు. నీళ్ళు మొయ్యడం, ఇళ్ళకి బట్టలు ఇచ్చిరావడం కూడా నాకే వదిలేశారు. భుజానికి విశ్రాంతి ఇవ్వకపోతే ఇక జన్మలో ఇస్త్రీపెట్టె ఎత్తలేవంది డాక్టరమ్మ. ఏడుపొచ్చింది. "నొప్పి కాదే, పొయ్యిలు పెరుగుతున్నాయి" అన్నారు ఈయన. చెయ్యి పడిపోతే నేనెలా బతకాలి? నువ్వే వచ్చి చెప్పు.

నీ చెల్లెలు

తా.క. ఆయన పొట్ట పెరిగింది. దాచుకున్నదంతా అక్కడే ఉందట, తట్టి చూపిస్తున్నారు.

---

మరదలికి,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివాను. "బావ చెప్పిందీ ఒకందుకు నిజమే, కాస్త ఓర్చుకోమని రాయి" అన్నారు పడక్కుర్చీలోంచి లేవకుండా. నేను రాయలేదు. ఈ ఉత్తరం నాది.

ఆయన బడి పేపర్లు దిద్దేదీ నేనే, ఆయన బూట్ల తాళ్ళు కట్టేదీ నేనే. పొయ్యిలు పెరగడమే నిజమైతే నాకీపాటికి ఊరంత పెరగాలి. ఒళ్ళు మండడం తప్ప ఏమీ లేదు.

బట్టలు సర్దుకున్నాను. ఈ ఉత్తరం వెనకాలే వస్తున్నా. నేనొచ్చేలోపు ఇస్త్రీపెట్టె ముట్టుకున్నావో, ఊరుకోను. ఎడమ చేత్తో కూడా వద్దు.

మీ వదిన

తా.క. హాయిగా విశ్రాంతి తీసుకుందువు, మా ఇంటికి రమ్మని, మీ అన్నయ్య రాసినట్టే మీ ఆయనకి విడిగా ఉత్తరం వేశాను. మంచినీళ్ళు అందించే దిక్కు లేకుండా ఇద్దరూ ఇక్కడ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ శక్తి దాచుకుంటారు. సంతకం చూసి అనుమానపడతారేమోనని బెంగపడకు. పెళ్ళయినప్పటి నుంచీ అదీ నేనే పెడుతున్నాను.