ఇరవై నెమలి కాగితాలు

ఫ్లోరెన్స్, 5 అక్టోబరు 1983

ప్రియమైన నీవెస్,

‘ప్రియమైన’ అన్నానని పొంగిపోకు. ఉత్తరం అలా మొదలుపెట్టాలని నాన్న నేర్పారు కాబట్టి రాశాను. పాత వంతెన దాటి పది నిమిషాలు నడిస్తే నీ కొట్టు. అయినా నీ మొహం చూడడం కంటే తపాలా బిళ్ళ కొనుక్కోవడమే నయమనిపించింది.

నిన్న నీ కొట్టుకు వచ్చాను. నువ్వు కనబడలేదు. నీ దగ్గర పనిచేసే ఆవిడ ఒక జర్మన్ జంట ముందు నెమలి కాగితాలు పరిచి, “ఇవి చేత్తో చేసినవండీ. ఒకదానిలా ఇంకోటి ఉండదు. వీళ్ళది మూడు తరాల పని” అని చెప్తోంది. వాళ్ళు నోరు తెరుచుకుని విన్నారు. నేనూ విన్నాను. మూడు తరాలంటే ఎవరే? తాతయ్య, నాన్న, నేను. అందులో నువ్వెక్కడున్నావు?

రెండు కాగితాలు కొన్నాను. ఇంటికి తెచ్చి నాన్న భూతద్దం కింద పెట్టాను. ప్రతి ఈక అంచునా సన్నటి అల. వేలెడు దూరానికి నాలుగు, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎక్కడా తప్పకుండా అదే వరస. మనిషి చెయ్యి అలా లాగదు. యంత్రంలో రోలర్ అదిరితే పడే అల అది. ఫ్యాక్టరీ సరుకు.

ఇంకో సాక్ష్యం కూడా ఉంది. నీ చేతిపని నాకు తెలియదా? తొట్టి నీళ్ళ మీద రంగులు తేల్చి, దువ్వెనతో నెమలి ఈకల్లా దువ్వాక, వాటి మీద కాగితం పరిచేటప్పుడు నీకెప్పుడూ తొందరే. కింద గాలి బుడగ చిక్కుకుని, కాగితం మధ్యలో తెల్లటి కన్ను మిగిలిపోయేది. ఈ రెండింటిలో ఒక్క కన్ను కూడా లేదు. అంటే ఇవి నీవి కావు.

నీలం మాత్రం అచ్చంగా నాన్న నీలమే. రంగు నీళ్ళ మీద విచ్చుకోవడానికి అందులో ఎద్దు పిత్తరసం ఎన్ని చుక్కలు కలపాలో ఆయన మనిద్దరికే చెప్పారు. దాన్ని కూడా అమ్ముకున్నావన్నమాట.

నవంబరు పదకొండు, సాన్ మార్తీనో పండగ లోపల నీ కొట్టు మీద ‘చేతిపని’ బోర్డు దించెయ్. లేకపోతే హస్తకళాకారుల సంఘానికి ఫిర్యాదు చేస్తాను. వాళ్ళు వచ్చి బోర్డు పీకేశాక నీ గుమ్మం ఎవరు తొక్కుతారో చూస్తాను.

నీ అక్క (అది నా చేతిలో లేదు),
ఎర్సీలియా

*

9 అక్టోబరు

ప్రియమైన అక్కా,

తలకు గుడ్డ, నల్లకళ్ళద్దాలు, ఎవరిదో వానకోటు. ఆ వేషంలో వచ్చింది నువ్వేనని వీధి మలుపులోనే పోల్చుకుని నేను వెనక గదిలోకి వెళ్ళిపోయాను. వేషం బాగానే వేశావు గానీ నడక దాచుకోవడం మర్చిపోయావు. ఎవరినో కొట్టడానికి వెళ్తున్నట్టు నడుస్తావు, చిన్నప్పటి నుంచీ అంతే. వచ్చినదానివి వచ్చినట్టు పోక, కాగితం చుట్టిన దారానికి ముడి సరిగా వెయ్యలేదని మా పనావిడను తిట్టి మరీ పోయావు.

నువ్వు కొన్నవి చేతి కాగితాలే. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడు, ఈకకు ఈక కలుస్తుందేమో. ఎవరి చేతివి అంటావా, అది నీకు చెప్పను. అవి నేనే చేశానని నా కొట్టులో ఎక్కడా రాసి పెట్టలేదు.

నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నావు, సంతోషం. చూపు అద్దాలు ఎప్పుడు పెట్టుకుంటావు? నీకు అరవై రెండేళ్ళు. అద్దాలు పెడితే ముఖం బాగోదని తొట్టి ముందు కళ్ళు చికిలించుకుని నిలబడుతున్నావని నదికి రెండు పక్కలా అందరికీ తెలుసు. నాన్న భూతద్దం నా కాగితాల మీదికే ఎందుకొచ్చిందో కాస్త ఆలోచించు. గురివింద గింజకు తన కింది నలుపు తెలియదట.

ముందు నీ కొట్టు సంగతి చూసుకో. మీ సందులోకి టూరిస్టు అన్నవాడు దారి తప్పితే తప్ప రాడు.

ఇంకా బతికే ఉన్న నీ చెల్లెలు,
నీవెస్

*

14 అక్టోబరు

ప్రియమైన నీవెస్,

నా కొట్టుకు ఎవరూ రారా? ప్రాతో నుంచి సిన్యోరా కొరిన్నా అనే ఆవిడ ప్రతి శుక్రవారం రైలెక్కి వస్తుంది. ఇరవై నెమలి కాగితాలు తీసుకుంటుంది. నాలుగేళ్ళలో ఒక్క మాట బేరమాడి ఎరగదు. ఈ రోజు కూడా వచ్చింది. ఏది చేతిపనో ఏది చెత్తో తెలిసిన మనిషి. నీ కొట్టులో ఒక్కపూట తిరిగే వందమంది కంటే ఆ ఒక్క మనిషి నాకు చాలు.

రెండు కాగితాలూ కలవవు, చూశాను. అయితే ఏం? ఫ్యాక్టరీ వాడి దగ్గర రెండు అచ్చులు ఉండవా? ఈ రోజుల్లో ఎవడూ ఏదీ సరిగా చెయ్యడం లేదు. నేను ఈ ఏడాదిలో కాఫీ సాసర్లు రెండుసార్లు మార్చాను. సాసరుతో కప్పు ఎత్తితే చాలు, గలగలమని మోత. నువ్వమ్మేదీ ఆ బాపతే.

ఎవరి చేతివో చెప్పవా? దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుంటే సరిపోతుందా? నీ సంగతి నాకు కొత్త కాదు. అరవై ఆరులో నదికి వరదొచ్చిన రోజు నాన్న కుర్చీలూ బట్టలూ వదిలేసి, నడుంలోతు బురదనీళ్ళలో రెండు దువ్వెనలు నెత్తిన పెట్టుకుని మేడెక్కారు. వెడల్పుదీ సన్నదీ రెండూ ఉంటేనే నెమలి. అలాంటిది, ఆయన పోయి వారం తిరక్కుండా సన్న దువ్వెన సంచిలో వేసుకుని పోయావు. నేను వడ్రంగి చేత ఇంకోటి చేయించుకోవాల్సి వచ్చింది.

పండగ దాకా ఆగడం నా వల్ల కాలేదు, ఫిర్యాదు నిన్ననే ఇచ్చాను.

ఎర్సీలియా

*

21 అక్టోబరు

ప్రియమైన అక్కా,

నాన్న కొట్టు నీకు, తొట్టి నీకు, గుమ్మం మీద నాన్న పేరు నీకు. నేను తెచ్చుకుంది ఒక్క దువ్వెన. దానికి పన్నెండేళ్ళుగా ఏడుస్తున్నావు. ఆ రోజు నేనెందుకు వెళ్ళిపోయానో మాత్రం నీకు గుర్తు రాదు. కొట్టు నిండా జనం ఉండగా నా కాగితం ఎత్తి పట్టుకుని, “చూడండి, ఇది మా చెల్లెలి పని. జల్లెడ కావాలంటే తీసుకెళ్ళండి” అన్నావు. అందరూ నవ్వారు. నేను ఆ తర్వాత ఇప్పటిదాకా కాగితం పరచలేదు.

సంఘం కార్యదర్శి ఓరెస్తే వచ్చాడు. “చేసినవాళ్ళ పేరు చెప్పండి సిన్యోరా, ఫిర్యాదు అక్కడితో పోతుంది” అన్నాడు. చెప్పనన్నాను. “చెప్పకపోతే బోర్డు పోతుంది” అన్నాడు. పోతే పోనీ అన్నాను. ఆ బోర్డు లేకపోతే చలికాలం దాటేలోపు కొట్టు మూసుకోవాలి. అది నాకూ తెలుసు.

ఒక్క మాట. ఫిర్యాదు చేసినవాళ్ళు అదే నమూనాలో తమ కాగితాలు ఐదు ఇవ్వాలట, పక్కపక్కన పెట్టి చూడడానికి. నువ్వు ఇవ్వకు. ఫిర్యాదు వెనక్కి తీసుకో. నా మీద పగ తీర్చుకోవాలంటే ఇంకేదైనా దారి చూసుకో, ఇది మాత్రం వద్దు. నేను ఎవరినీ బతిమాలే మనిషిని కానని నీకు తెలుసు. ఈ ఒక్కసారి బతిమాలుతున్నాను అనుకో.

నీవెస్

*

26 అక్టోబరు

ప్రియమైన నీవెస్,

భయం పట్టుకుందా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటున్నావు. నా కాగితం పక్కన పెడితే నీ బండారం బయటపడుతుంది, అంతేగా? ఐదు కాదు, పది ఇస్తాను. మంచివాటిలో మంచివి ఏరి ఇస్తాను. సంఘం వాళ్ళు కళ్ళారా చూసి నేర్చుకుంటారు.

జల్లెడ మాట గుర్తుంది. అది జల్లెడే.

ఎర్సీలియా

*

5 నవంబరు

నీవెస్,

ముందు తిట్టేస్తాను. మోసగత్తెవి. నాలుగేళ్ళుగా నన్ను మోసం చేస్తున్నావు. ఇప్పుడు మిగతాది చెప్తాను, అడ్డు రాకుండా చదువు.

బుధవారం సంఘానికి ఇవ్వడానికి కాగితాలు ఏరుదామని కూర్చున్నాను. కొరిన్నా గారి కోసం ఆరబెట్టిన ఇరవై కాగితాలు బల్ల మీద ఉన్నాయి. నాన్న భూతద్దం తీశాను. నా కాగితం మీద ఆ అద్దం పెట్టడం అదే మొదటిసారి. నా పని నాకు తెలియదా, మళ్ళీ చూడడం ఎందుకు అనుకునేదాన్ని.

ప్రతి ఈక అంచునా సన్నటి అల. వేలెడు దూరానికి నాలుగు.

అద్దం తుడిచాను. నీ కొట్టులో కొన్న కాగితం తెచ్చి పక్కన పెట్టాను. అదే అల, అదే నీలం. నువ్వు ఎవరినో పంపించి నా కాగితాలు మార్పించావేమో అని కూడా అనుకున్నాను, ఒట్టు. చివరికి ఖాళీ తొట్టి ముందు నిలబడి, దువ్వెన పట్టుకుని, నాన్న చెప్పినట్టే నెమ్మదిగా లాగాను. ఈసారి నా చెయ్యి చూస్తూ లాగాను. నా చెయ్యి వణుకుతోంది నీవెస్. ఎన్నాళ్ళుగా వణుకుతోందో నాకే తెలియదు. సాసర్లు మంచివే. అనవసరంగా పారేశాను.

నిన్న శుక్రవారం కొరిన్నా వచ్చింది.

“సిన్యోరా, ఇన్ని కాగితాలతో మీరేం చేస్తారు?” అని అడిగాను.

“పుస్తకాలకు అట్టలు వేసుకుంటానండీ.”

“వారానికి ఇరవై పుస్తకాలా?”

ఆవిడ గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. “నేను లెక్కల టీచర్నండీ. అబద్ధం ఆడితే రెండో మాటకే దొరికిపోతాను” అంది. తర్వాత అంతా చెప్పేసింది. నీ స్నేహితురాలట, నా దగ్గర తీసుకున్న కట్ట తీసుకున్నట్టే వంతెన దాటించి నీకు ఇస్తుందట.

“అంటే జాలిపడి కొంటోందా నా చెల్లెలు?” అని అరిచాను. సందులో రెండు కిటికీలు తెరుచుకున్నాయి.

“జాలేమిటండీ! ఆ అలలున్న నెమలే కావాలని స్విట్జర్లాండ్ నుంచి కూడా వస్తారు. ఇంకో రకం చూపిస్తే తీసుకోరు. పైగా ఆ నీలం మా అక్క తప్ప ఎవరూ కలపలేరు అంటారు నీవెస్ గారు. తను కలిపితే గిన్నెలు కడిగిన నీళ్ళలా వచ్చిందట.”

“మరి తనే వచ్చి అడగొచ్చుగా?”

“అడిగితే మీరు ఇచ్చేవారా?” అంది.

ఇచ్చేదాన్ని కాను.

నువ్వు ఓరెస్తేకు నా పేరు చెప్పేస్తే ఒక్క నిమిషంలో బయటపడేదానివి. చెప్పలేదు. చెబితే నా కాగితాలు నేనే పోల్చుకోలేకపోయానని, నా చెయ్యి పోయిందని ఊరంతా తెలిసిపోతుందని కొట్టు పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డావు. జనం ముందు నిన్ను జల్లెడ అన్నదాని కోసం. దీనికి ఏం రాయాలో నాకు తెలియడం లేదు. ఏడ్చాను. ఇది ఇక్కడితో వదిలెయ్, మళ్ళీ నా దగ్గర ఎత్తకు.

ఈ ఉదయం సంఘానికి వెళ్ళాను. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను.

“కారణం రాయాలి సిన్యోరా” అన్నాడు ఓరెస్తే.

“అవి చేతి కాగితాలే. రాసుకో.”

“ఎవరి చేతివి?”

కుడిచెయ్యి ఎత్తి ఆయన బల్ల మీదుగా చాపాను. నిలబెట్టాలని చూశాను, నిలబడలేదు. “ఇదిగో, దీనివి” అన్నాను. ఆయన పెన్ను మూత పెట్టేసి, నాకు కుర్చీ జరిపాడు. కూర్చోలేదు. నీ బోర్డు ఉంటుంది.

ఇప్పుడు పని మాట. దువ్వెన నెమ్మదిగా లాగాలి, దానికి ఇక నా చెయ్యి పనికిరాదు. కాగితం పరచడం వేరు. రెండు చేతులతో క్షణంలో అయిపోతుంది. అందులో నాకు ఇప్పటికీ ఒక్క బుడగ రాదు. దువ్వెన దగ్గర నీ చెయ్యే మంచిది. ఎప్పుడూ నీదే మంచిది, నేను చెప్పలేదంతే. నాన్న ఉండగా మనం చేసింది అదేగా, నువ్వు దువ్వేదానివి, నేను పరిచేదాన్ని. స్విట్జర్లాండ్ వాళ్ళకు అలలు కావాలంటే అవి నేనొక్కదాన్నే చేసి పెడతాను. మిగతావి మనిద్దరం చేద్దాం.

వచ్చే శుక్రవారం సాన్ మార్తీనో, నీకు గడువు పెట్టిన రోజు. ఆ రోజు కొరిన్నా గారిని పంపకు, పాపం ఆవిడను ఇంటి దగ్గర లెక్కలు చెప్పుకోనీ. నువ్వే రా. సన్న దువ్వెన తీసుకుని రా. వడ్రంగి చేసినది ఎప్పుడూ కుదరలేదు. పదింటికల్లా ఇక్కడ ఉండాలి, ఒకసారి తొట్టిలో రంగులు వేశాక అవి నీ కోసం ఆగవు. పని అయ్యాక కొత్త వైన్ తెరుస్తాను, చెస్ట్‌నట్లు కాలుస్తాను.

కళ్ళద్దాలు కొన్నాను. ముఖం దరిద్రంగా ఉంది. చూసి నవ్వావంటే గుమ్మంలోంచే పంపించేస్తాను.

నీ అక్క,
ఎర్సీలియా