తాళం వేసిన ఫ్రిజ్

ఆసిఫాబాద్ అడవి నుంచి,
8 జూన్ 1988

లీలక్కా,

నీ ఉత్తరం అందింది. హైదరాబాదులో మీ ప్రయోగశాల వాళ్ళు ఎండకు చావని పోలియో చుక్కల మందు తయారు చేస్తున్నారని రాశావు, అందుకని అడవిలో డాక్టరుగా ఉన్న చెల్లెలికి ప్రశ్నలు పంపావు. రాసుకో. ఎండ నలభై ఆరు. కరెంటు వచ్చిన రోజు పండగ. ఐసు ఆసిఫాబాద్ నుంచి బస్సు మీద గోనెసంచిలో వస్తుంది, దారిలోనే సగం కారిపోతుంది. అయితే అసలు ప్రశ్న నువ్వు అడగలేదు. మందు లోపలి ఆర్‌ఎన్‌ఏ పోగు వేడికి నిలవదని మీ బాధ. ఇక్కడి మనుషుల ముందు నిలుస్తుందా అని నా అనుమానం.

నేను ఈ ఆసుపత్రిలో చేరిన రోజు మందుల ఫ్రిజ్ తెరిస్తే లోపల ఏముందో తెలుసా? కాంపౌండర్ అంతయ్య పెరుగు గిన్నె, దాని వెనక కల్లు సీసా, ఆ సీసాకు ఒరిగి పసిపిల్లల చుక్కల మందు. తలుపు మీద రోజువారీ వేడి రాసే కాగితం. ఆ రోజు నెలలో మూడో తారీఖు. ముప్పయ్యో తారీఖు దాకా ‘నాలుగు డిగ్రీలు’ అని ముందే నింపి పెట్టాడు మహానుభావుడు. జ్యోతిషం కూడా వచ్చా అని అడిగితే తల గోక్కున్నాడు. ఆనాడే ఫ్రిజ్‌కు తాళం వేయించాను. పోయిన నెల పెద్దపల్లిలో, చొక్కారావు మామ బిడ్డ పెళ్ళిలో నా నడుముకు వేలాడుతుంటే, పెద్దకోడలు పెత్తనం అని నువ్వు నవ్వింది ఆ తాళంచెవి చూసే. నవ్వితే నవ్వు. ఇక్కడ ఎవరినీ నమ్మడానికి లేదు. పెళ్ళి నుంచి వచ్చేసరికి ఫ్రిజ్ ముందు నేలంతా నీళ్ళు, తడిసిన గోనెసంచి, పక్కన కునుకుతున్న అంతయ్య. నోరు తెరవబోయాడు. కల్లు వాసన నా దాకా రాకముందే పొమ్మన్నాను.

ఇక మా ఆయా లస్మవ్వ. అరవై దాటాయి. వాగవతలి గూడెంలో నలభై ఏళ్ళుగా పురుళ్ళు పోస్తోంది. చేతులు సబ్బుతో కడుక్కోమంటే నేనేదో ముచ్చట చెప్పినట్టు చూస్తుంది. ఐసుపెట్టె నెత్తిన పెట్టుకుని వాగు దాటేది ఆమే, నేను వెళ్ళేలోపు తల్లులను కూడగట్టేదీ ఆమే. ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి అన్నట్టు, ఆ పెట్టెలో ఏముందో మాత్రం ఆమెకు తెలియదు.

ఇంకో ఏడాది గడిస్తే చాలు. కరీంనగర్‌కు బదిలీ చేయిస్తానని బాపు మాటిచ్చాడు.

నీ ప్రమోదిని


2 ఆగస్టు 1988

లీలక్కా,

నేను చెప్పినట్టే అయింది. వాగవతలి గూడెంలో ముగ్గురు పిల్లలకు పోలియో వచ్చింది. ముగ్గురికీ జూన్ మొదటి వారంలో నా చేతులతోనే చుక్కలు వేశాను. వాళ్ళలో ఏడాదిన్నర పిల్లవాడు భూమన్న లస్మవ్వ మనవడే, కూతురి కొడుకు. నాలుగు రోజులు జ్వరం కాసింది, ఐదో రోజు కుడికాలు వేలాడింది.

మందు వేసిన పిల్లలకు ఎలా వచ్చిందని జిల్లా అధికారి జీపు వేసుకుని వచ్చాడు. అందరినీ నిలబెట్టి అడిగితే లస్మవ్వ దాచకుండా చెప్పేసింది. నేను ఊళ్ళో పిల్లల పేర్లు రాసుకునేలోపు ఈ మహాతల్లి పెట్టెలోంచి మందు సీసాలు తీసి చీర కుచ్చెళ్ళలో దోపుకునేదట.

“మంచులెక్క సల్లగుంటె పసిపోరగాండ్లకు సలిజెయ్యదా అమ్మా? ఒడిల వెట్టుకొని జర ఎచ్చగ జేసిన,” అంది.

విన్నావా? దేశమంతా ఆ సీసాలను చల్లగా ఉంచడానికి చస్తుంటే, ఈమె కోడి గుడ్లను పొదిగినట్టు పొదిగింది. అధికారి నవ్వాపుకోలేకపోయాడు. నాకు నవ్వు రాలేదు, అసహ్యం వేసింది. ‘ఆయా అజ్ఞానం వల్ల మందు చెడిపోయింది’ అని నివేదిక రాసి సంతకం పెట్టాను. ఆమెను పనిలోంచి తీసేశారు. పోతూ పోతూ, నా మనుమని కాలు నేనే తీసిన్నా అమ్మా అని అడిగింది. అవునన్నాను. అబద్ధం చెప్పి ఓదార్చడం డాక్టరు పని కాదు.

పెద్దపల్లి వెళ్ళినప్పుడు బాపుకు ఇదంతా చెప్పాను. ఆయన అప్పటికే జిల్లా అధికారితో మాట్లాడి ఉన్నాడు. “ఆయాలకేం తక్కువ, ఇంకొకామె దొరుకుతది. నీ కొలువు పోతె మల్ల రాదు,” అన్నాడు.

అదే విడతలో వచ్చి మిగిలినవి, మూత తీయని సీసాలు పది పంపమని రాశావు. మీ పరీక్షల మీద నీకున్న మోజు నాకు తెలుసు. నీ తృప్తి కోసం ఐసులో పెట్టి మనిషితో పంపుతున్నాను.

నీ ప్రమోదిని


11 సెప్టెంబర్ 1988

లీలక్కా,

పది సీసాల్లో ఒక్కదాంట్లోనూ పనికొచ్చే మందు లేదని రాశావు. కింద ఒకే ఒక మాట అడిగావు: వీటిని లస్మవ్వ ముట్టుకుందా? ఆ కాగితం వారం రోజులు నా దిండు కింద ఉంది. ముట్టుకోలేదు. అవి ఫ్రిజ్ దాటి బయటకు రానేలేదు.

ఇప్పుడు నీకు నిజం రాస్తాను. పెళ్ళి నుంచి వచ్చిన రోజే ఫ్రిజ్ తెరిచాను. సీసాలు మంచు అర అడుగు పళ్ళెంలో పలకలాంటి మంచులో కూరుకుపోయి ఉన్నాయి. మంచు కరిగి, నీళ్ళై, మళ్ళీ గడ్డకడితే తప్ప అలా కాదని డాక్టరు చదువు మొదటి ఏడులో ఉన్న పిల్లకు కూడా తెలుస్తుంది. నాకూ తెలిసింది. చెంచాతో తవ్వి ఒక్కొక్కటీ తీసి, తుడిచి, వరసగా పెట్టాను. ఒక పూట కరెంటు పోయి ఉంటుందిలే అనుకున్నాను. పారేస్తే ఎందుకు పారేశావని అడుగుతారు. అడిగితే తాళంచెవి పెద్దపల్లిలో ఉందని చెప్పాలి. ఇంకోటి కూడా చెప్పాలి. వెళ్ళేముందు, నేను ఉండని ఐదు రోజులకూ ‘నాలుగు డిగ్రీలు’ అని నేనే రాసి వెళ్ళాను. అంతయ్యను వెక్కిరించిన చేత్తోనే రాశాను.

నీ ఉత్తరం వచ్చాక లైన్‌మన్ హనుమండ్లును పిలిచి అడిగితే ఆ ఐదు రోజుల్లో నాలుగు రోజులు కరెంటు లేదన్నాడు. అంతయ్యను కూర్చోబెట్టి మొదటిసారి పూర్తిగా మాట్లాడనిచ్చాను. కరెంటు పోయిన రెండో రోజు నుంచి తన చేతి డబ్బులతో ఆసిఫాబాద్ వెళ్ళి రోజూ రెండు ఐసు దిమ్మలు బస్సెక్కించి తెచ్చాడట. ఫ్రిజ్ ముందు పెట్టుకుని కూర్చున్నాడట. “తాళం పలగ్గొడ్తె నౌకరి తీస్తవని బుగులైంది మేడం. కండ్ల ముంగటనే కరిగిపాయె,” అన్నాడు. నేను చూసిన నీళ్ళు అవే. ఆ రోజు అతను తాగి లేడు.

కంచే చేను మేసింది అక్కా. లస్మవ్వ తన ఒడిలో వెచ్చబెట్టిన మందు అప్పటికే చచ్చిన మందు. వీళ్ళ మూఢత్వం, వీళ్ళ కల్లు, వీళ్ళ మురికి అంటూ రెండేళ్ళుగా నీకు ఉత్తరాలు రాశాను. వాటిని చింపెయ్. చదువుకున్న మనిషి ఎంత నీచంగా ఉండగలదో తెలుసుకోవాలంటే మాత్రం దాచుకో.

ఫ్రిజ్ సంగతి, కాగితం సంగతి దాచకుండా రాసి జిల్లా అధికారికి నాలుగు రోజుల కింద పంపాను. కొలువు ఉంటుందో పోతుందో తెలియదు. బాపు ఫోనులో, దొరల ఇంట్ల పుట్టి ఆయా కోసం తల వంచుతవా అన్నాడు. ఫోను పెట్టేశాను.

ఈ ఉదయం వాగు దాటి వెళ్ళాను. లస్మవ్వ ఇప్పుడు పసిపిల్లలను ఎత్తుకోవడం లేదట. పురుటికి పిలిచినా తన చేతులు పాడు చేతులంటూ లోపలికి పోతోందట. గత నెలలో ఆమె రాకపోవడంతో ఒక కాన్పు చెడిపోయిందని దారిలోనే చెప్పారు. అరుగు మీద కూర్చుని కూతురు భూమన్న కాలికి నూనె రాస్తుంటే దూరం నుంచి చూస్తోంది. గూడెం వాళ్ళందరినీ పిలిచి వాళ్ళ ముందే చెప్పాను. మందు నా దగ్గరే చెడింది, చెడిందని తెలిసే వేశాను, నీ చేతుల తప్పేమీ లేదు అన్నాను.

నిజం చెప్పినందుకు ఆమె ఏడుస్తుందని, నా చేతులు పట్టుకుంటుందని, పోనీ బిడ్డా అంటుందని అనుకున్నాను. అంత జరిగాక కూడా నేను క్షమాపణ వసూలు చేసుకోవడానికే వెళ్ళాను. తల తిప్పి నా వైపు చూసింది.

“నేను ఎరుకలేక జేసిన. నువ్వు ఎరుకుండి జేసినవ్,” అంది.

లేచి కూతురి చేతిలోంచి నూనె గిన్నె తీసుకుంది. పిల్లవాడిని ఒళ్ళో పడుకోబెట్టుకుని కాలు రుద్దడం మొదలుపెట్టింది. నేను ఇంకా నిలబడే ఉన్నాను. మళ్ళీ నా వైపు చూడలేదు. ఎప్పుడు వెళ్ళినా జీపు దాకా వెంట వచ్చే గూడెంలో ఈ రోజు ఒక్కరు కూడా లేవలేదు.

నీ చెల్లెలు
ప్రమోదిని