పెరుగులో నానని గారెలు

ఫిల్మ్ నగర్, సోమవారం

మెస్ తిరుమలేశ్ గారికి వందనాలు.

మీకు ఫోన్ చేస్తే మిక్సీ మోత తప్ప ఏమీ వినపడదు. అందుకే ఖాళీ క్యారియర్‌లో ఈ చీటీ పెడుతున్నాను. నిన్న మా ఇంట్లో ప్రార్థన కూటానికి గారెలు చెప్పాను కదండీ. మీరు పంపినవి పెరుగులో వేసి మూడు గంటలు ఆగాం. పెరుగు పులిసింది గానీ అవి మెత్తబడలేదు. పాస్టర్‌గారు ఒకటి కొరికి, దవడ పట్టుకుని, ఆమెన్ అనేశారు.

ముప్పై ఏళ్ళుగా సినిమా అమ్మలకు గొంతు ఇస్తున్న
కరుణాకుమారి

తా.క. ప్రార్థన అంత త్వరగా ముగిసినందుకు పిల్లలు మీకు థాంక్స్ చెప్పమన్నారు.

*

యూసుఫ్‌గూడ, మంగళవారం

కరుణమ్మకు దండాలు.

గారెలన్నరు, గారెలే పంపిన. బియ్యప్పిండిల నువ్వులు, పల్లీలు ఏసి మా సిద్దిపేటల చేసినట్టే చేసిన. పదిహేను దినాలు డబ్బల పెట్టుకొని తినేటివి. మీరు చెప్పేటివి వడలు. గారెలను పెరుగుల నానబెట్టుడేందమ్మా? పెంకులను నానబెట్టినట్టు.

మీ తిరుమలేశ్

తా.క. మీరు ఆలుగడ్డను బంగాళాదుంప అంటరు. అండ్ల బంగాళం ఏడున్నది? నేనైతే కోసి చూసిన.

*

ఫిల్మ్ నగర్, బుధవారం

తిరుమలేశ్ గారికి,

అది బెంగాల్ వైపు నుంచి వచ్చిన దుంప. పేరులోనే ఊరు చెప్పుకుంటుంది. మీ ఆలుగడ్డ ఊరేదో ఎప్పుడైనా చెప్పిందా? సరే, రేపు రామములక్కాయ పచ్చడి పంపండి. గట్టిగా ఉండకూడదు, మెత్తగా నూరండి.

కరుణాకుమారి

తా.క. మీ ఉత్తరం మరీ పొట్టిగా ఉంది.

*

యూసుఫ్‌గూడ, గురువారం

అమ్మా,

పొద్దుగాల నుంచి మార్కెట్ల తిరిగిన. ములక్కాయలున్నయి గని, రాముని ములక్కాయలేవో ఎవలకు తెల్వదు. ఒకామె భద్రాచలం బస్సెక్కుమన్నది. ఆఖరికి దొరికిన ములక్కాయలే మిక్సీల ఏసిన. మెత్తగ గావాలంటిరి గద, మల్ల ఏసిన, మల్ల ఏసిన. పీసులు సుట్టుకొని మిక్సీ కాలిపాయె. నలభై మంది బువ్వకు కూసున్నరు. తినే వస్తువుకు మనుషులు పిలిచే పేరు పెట్టుండ్రి. రేపటి సంది మీకు క్యారియర్ బంద్.

తిరుమలేశ్

తా.క. పచ్చడి పంపుతున్న. పీసులు తీసుకొని తినుండ్రి. పీసులు తీస్తే ఏం మిగలదు.

*

ఫిల్మ్ నగర్, శనివారం

తిరుమలేశ్ తమ్మీ, నీ అక్క కరుణ రాసేది.

క్యారియర్ బంద్ అంటివి, గందుకే గీ చీటీ కొత్త మిక్సీ డబ్బల పెట్టి పంపుతున్న. రామములక్కాయంటె టమాట. ములక అంటె వంకాయ జాతి చెట్టట. ఎక్కడినుంచో వచ్చిన టమాటకు మావోళ్లు రాముని పేరు పెట్టి వంటింట్లకు రానిచ్చిండ్రని మా నాయనమ్మ చెప్తుండె. నీకు తెల్వదని తెలిసే రాసిన.

ఎనిమిది నెలల సంది నాకు పని లేదు తమ్మీ. ఇప్పుడు సినిమాల అమ్మలు మీ భాషల మాట్లాడుతున్రు. నా గొంతు మా పిఠాపురం యాస దాటకపాయె. నీ గారెల చీటీ బయటికి సదివిన. అండ్ల ఒక అమ్మ వినపడ్డది. ఇంకో చీటీ గావాల్నంటె ఇంకో లొల్లి గావాలె గద. నిన్న డబ్బింగ్ స్టూడియోల తెలంగాణ అమ్మ పాత్రకు గొంతులు చూస్తుంటె, నీ మిక్సీ తిట్లు మొత్తం సదివి వినిపిచ్చిన. "ఏ ఊరమ్మా మీది?" అని డైరెక్టర్ అడిగిండు. "సిద్దిపేట" అన్న. పాత్ర నాకే ఇచ్చిండు.

కోపం జెయ్యకు. నీ పుణ్యాన మల్ల మైకు ముందల నిలబడ్డ.

నీ అక్క
కరుణ

తా.క. వచ్చే నెల ఇంకో సినిమా ఉన్నది. ఆ అమ్మది కడప. నీ ఎరుకల కడప వంటాయన ఎవలన్న ఉన్నడా? జర కోపిష్టోడైతె మంచిది.