తడిక లేని గొట్టం

అక్కా,

ఎలా ఉన్నావని అడగడానికి లేదు కదా... నువ్వెళ్ళి ఐదు నెలలైంది. రెండో పంట, దాళ్వా నాట్లు అయిపోయేయి.

నువ్వున్నన్నాళ్ళూ మన రెండు చేలకీ నీళ్ళు తోడేది ఒకటే ఇంజను, చెరువులో ఒకటే గొట్టం. దాని మూతి చుట్టూ వెదురు తడిక, లోపల పాత వల... మనిద్దరం కట్టిందే. పొద్దున్నే నువ్వు నీళ్ళల్లోకి దిగి, తడికకి అంటుకున్న గుర్రపుడెక్క, నాచు లాగి పారేసేదానివి. నేను గట్టు మీద తాడు పట్టుకునేదాన్ని. "నీకు ఈత రాదు, నువ్వు దిగకే" అనేదానివి.

నీ పెద్దకర్మ రోజు బావగారు అందరి ముందూ చెప్పేరు, ఇక తడిక సంగతి తను చూసుకుంటానని. నమ్మేను.

నాట్లేసిన కొద్దిరోజులకే ఇంజను తిరుగుతోంది గానీ నీళ్ళు రావట్లేదు. బావగారినడిగితే ఇంజను పాతదైపోయింది, మార్చుకోమన్నారు. మెకానిక్ విప్పి చూసి ఇంజనుకేం కాలేదండీ, గొట్టం మూతే పూడుకుపోయి ఉంటుందన్నాడు. మీ మరిది కువైట్ నుంచి ఫోన్లో చెరువులోకి దిగొద్దంటూనే ఉన్నారు. నడుముకి తాడు కట్టుకుని, రెండో కొస కొబ్బరిచెట్టుకి ముడేసి దిగేను.

చేత్తో తడిమితే తడిక లేదు. గొట్టం నిండా డెక్క వేళ్ళు.

మన తడిక అవతలి గట్టున ఉంది, కొత్త గొట్టం చుట్టూ. నీ చేను బావగారు రొయ్యల గుంటలకి ఇచ్చేసేరు, ఆ గొట్టం వాటికే.

మీ ఇంటికెళ్ళి బావగారినడిగేను. ఆయన అన్నం తింటున్నారు, తలెత్తలేదు. ఆసుపత్రిలో ఉన్నప్పుడే చేను ఇవ్వడానికి నువ్వు ఒప్పుకున్నావట. తడిక కూడా తీసుకోమన్నావట. నాకు చెప్పొద్దన్నావట.

నిజమా అక్కా?

అమలాపురం ఆసుపత్రిలో రోజూ నీ తల దువ్వేను. "చెరువులో డెక్క పెరిగిందా?" అని అడిగేదానివి. అంతే. ఈ మాట మనసులో పెట్టుకునే అడిగేవా? లేక నువ్వు కాదనడానికి రావని ఆయన అలా అన్నారా? ఆయన అబద్ధమాడితే తట్టుకోగలను. నువ్వే అని ఉంటేనో...

కొత్త తడిక నేనే కట్టుకున్నాను. రోజూ దిగుతున్నాను. మెరక మడి ఎండిపోయింది. పల్లపు చేను తేరుకుంది, పచ్చగానే ఉంది.

నీ సంవత్సరీకానికి వస్తాను, వంట చేస్తాను. బావగారితో మాట్లాడను. నీ ఫొటో ముందు దీపం మాత్రం ఇంకెవరినైనా పెట్టమంటాను. నా చేత్తో పెట్టడం నా వల్ల అవుతుందో లేదో తెలీదు.

నీ చెల్లి