అమ్మమ్మ మోగించిన గంట

అమ్మా, నేను కులాసా. వేళకు తింటున్నాను, బెంగపడకు. నువ్వు పుట్టిన ఊళ్ళోనే, మెట్ట మీది పాత చర్చికి కొత్త తలుపులు చేస్తున్నాను. నిన్న గంట కొట్టే తాత నా పక్కన కూర్చుని, "నా చిన్నప్పుడు వరదొచ్చింది నాయనా. ఓ నిండు చూలాలు ఊరంతా ఇక్కడికి చేరేదాకా ఈ గంట తాడు వదల్లేదు. ఆ తల్లి లేకపోతే మేమెవ్వరం లేం" అన్నాడు.

"ఆవిడ మా అమ్మమ్మే తాతా. ఆ కడుపులో ఉన్నది మా అమ్మ" అన్నాను.

ఆయన లేచి నిలబడి, తాడు నా చేతికిచ్చి మోగించమన్నాడు. పొలాల్లో వాళ్ళంతా తలలెత్తి చూశారు. నా గుండె ఉప్పొంగిపోయిందంటే నమ్ము.

అమ్మమ్మ ఫోటో భద్రంగా తీసి ఉంచు. చెల్లికి జ్వరం తగ్గిందా? వంటింటి కప్పు ఇంకా కారుతోందా? మామయ్యకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. ఆదివారం పూజకు నిన్ను ముందు వరసలో కూర్చోబెడతారట. ఫాదరుగారి మాట అది, కాదనకు. మంచి చీర కట్టుకుని రా.

నీ పెద్దోడు