నీలం గేటు ఇంట్లో ఎంత శాతం?

ఇలోయిలో, మే 26

‘మూడు చిలకలు’ పోకర్ సైటు, ఆటగాళ్ళ సేవా విభాగం వారికి,

నమస్కారం.

నా భార్య ఫెలిసిదాద్ సొరొంగన్ ఈ నెల 6న చనిపోయింది. మీ సైటులో ఆమె పేరు ‘మేడమ్ ఇబోస్’. రోజూ భోజనమయ్యాక మీ అతి చిన్న పందేల బల్ల దగ్గర ఐదుగురితో ఆడేది. కుంటి కెప్టెన్, చేపల రాణి, నిద్రరాని మేక, రెండో డెంటిస్టు, పాత రిక్షా. వాళ్ళ అసలు పేర్లు నాకు తెలియవు.

జూన్ 14, శనివారం సాయంత్రం నాలుగింటికి మా ఇంట్లో నలభయ్యో రోజు ప్రార్థన. జారో, సిమెంతో వీధి, నీలం గేటు. ఆ ఐదుగురికీ కబురు చెప్పండి. నేనే చెప్పేవాణ్ణి. సైటు తెరిస్తే ఆమె ముఖం చూపించమంటోంది.

ఇట్లు,
రోమ్యులో సొరొంగన్

తా.క. ‘మీరు లేక బల్ల బోసిపోయింది’ అని రోజూ ఆమె ఫోనుకు పంపుతున్నారు. మా ఇంట్లోనూ అంతే. ఇక ఆపండి.

మనీలా, మే 29

గౌరవనీయులైన సొరొంగన్ గారికి,

మీ ఉత్తరం చదివి మా విభాగమంతా ఒక నిమిషం మౌనం పాటించింది. ఆ తర్వాత అసలు సంగతి అర్థమైంది.

ప్రతి ఆటలోనూ పందెం డబ్బులోంచి మేం కొంత కోసుకుంటాం. అదే రేక్. అందులో కొంత మళ్ళీ ఆటగాడికే ఇస్తాం. అదే రేక్‌బ్యాక్. మేడమ్‌ది పాత ఖాతా కాబట్టి పది శాతం. కొత్తగా చేరేవాళ్ళకి ముప్పై. అందుకని ప్రతి నెలా కొందరు భార్యలు చనిపోతుంటారు, వాళ్ళ భర్తలు కొత్త ఖాతాలు తెరుస్తుంటారు, ఆట తీరు మాత్రం అచ్చం ఆ భార్యలదే! పోయిన నెల చనిపోయిన ఒకావిడ తన అంత్యక్రియల సమయానికి మా దగ్గర రెండు బల్లల మీద ఆడుతోంది.

మేడమ్ అంత శ్రమ పడక్కర్లేదని చెప్పండి సార్. పాత ఖాతాకే ఇరవై ఇస్తాం. పెద్ద పందేల బల్లకి మారితే ముప్పై ఐదు!

సదా మీ సేవలో,
జోవెలిన్ టుంగ్‌పలన్

తా.క. తిరిగొస్తే మొదటి వారం యాభై శాతం. ఈ అవకాశం చనిపోయినవారికి వర్తించదు.

ఇలోయిలో, జూన్ 2

టుంగ్‌పలన్ గారికి,

మరణ ధ్రువపత్రం జత చేశాను.

నేను కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యాను. పందెం పెరిగితే మీ కోత పెరుగుతుంది. కోత పెరిగితేనే మీరు తిరిగిచ్చేది పెరుగుతుంది. అంటే ఎక్కువ పోగొట్టుకున్నవాళ్ళకి ఎక్కువ ఓదార్పు. ఓదార్పు మీద నాకిప్పుడు పెద్ద నమ్మకం లేదు.

వేరే సైటు నలభై ఇస్తుందని, అక్కడికి మారమని గ్రాఫు గీసి మరీ ఆమెకు చెప్పాను. గ్రాఫు మీద వేడి మూకుడు దించింది. ‘‘రోమీ, నలభై ఇచ్చేచోట నలభై కోసమే బతికేవాళ్ళు కూర్చుంటారు. వాళ్ళ మధ్యకి నేను వెళ్తే నన్నే భోంచేస్తారు’’ అంది. మళ్ళీ లెక్క వేశాను. ఆమె చెప్పిందే నిజం.

కాబట్టి శాతాలు వద్దు. ఆ ఐదుగురినీ మా ఇంటికి రమ్మనండి. చాలు.

ఇట్లు,
రోమ్యులో సొరొంగన్

తా.క. గిమరాస్ దీవి నుంచి వచ్చేవాళ్ళుంటే పడవ చార్జీ నేనిస్తాను. భోజనం ఉంటుంది.

మనీలా, జూన్ 5

గౌరవనీయులైన సొరొంగన్ గారికి,

ధ్రువపత్రం అందింది. మేడమ్ నిజంగానే పోయారు. అలా రాసినందుకు సిగ్గుపడుతున్నాను సార్.

అయితే మీ ఉత్తరంలో మిగతా భాగాన్ని మా నిఘా విభాగానికి పంపక తప్పలేదు. పోటీ సైటు ఎంతిస్తుందో మీకు తెలుసు. మీ దగ్గర గ్రాఫులున్నాయి. రోజూ ఆడే ఆటగాళ్ళే కావాలంటున్నారు. ఇంటికి పిలిచి, చార్జీలిచ్చి, భోజనం పెడతానంటున్నారు. మా ఆటగాళ్ళని ఎగరేసుకుపోయే ఏజెంట్లు సరిగ్గా ఇదే చేస్తారు. ముందుగా మాకే ఉత్తరం రాసి చేసే ఏజెంటును మాత్రం ఇప్పుడే చూస్తున్నాం.

తగిన చర్యలు తీసుకుంటున్నాం.

సదా మీ సేవలో,
జోవెలిన్ టుంగ్‌పలన్

తా.క. శనివారం వంట ఏమిటని నిఘావారు అడుగుతున్నారు. విచారణ కోసమే.

ఇలోయిలో, జూన్ 8

టుంగ్‌పలన్ గారికి,

నేను ఏజెంటును కాను. భార్య పోయినవాణ్ణి. చర్యలంటే ఏమిటి?

రో. సొరొంగన్

తా.క. పాన్సిత్ నూడుల్స్. రొయ్యలు వేసి.

మనీలా, జూన్ 11

గౌరవనీయులైన సొరొంగన్ గారికి,

చర్యలు రహస్యం. ఒక్క హామీ మాత్రం ఇవ్వగలను. శనివారం మా ఆటగాడు ఒక్కడు కూడా మీ గేటు తాకడు. నా ఉద్యోగం మీద ఒట్టు.

సదా మీ సేవలో,
జోవెలిన్ టుంగ్‌పలన్

తా.క. నా తరఫున మేడమ్ పేరున ఆఫీసులో కొవ్వొత్తి వెలిగించాను. పొగ అలారం మోగి మూడంతస్తులవాళ్ళు కిందికి దిగారు. ఆ రకంగా అందరూ ఆవిడ కోసం లేచి నిలబడినట్టే.

ఇలోయిలో, జూన్ 16

టుంగ్‌పలన్ గారికి,

శనివారం నాలుగు కాకముందే మా వీధి మోటారు సైకిళ్ళతో నిండిపోయింది. గేటు దగ్గర మొదటివాడు హెల్మెట్ కూడా తియ్యలేదు.

‘‘పెద్దాయనా, ఎంత శాతం?’’

‘‘లోపలికి రా బాబూ. ప్రార్థన మొదలవుతోంది.’’

‘‘ఓహో, ప్రార్థన అయ్యాకే చెప్తారా? సరే, కానివ్వండి.’’

ఫోను చూపించాడు. ఈ చుట్టుపక్కల మీ ఆటగాళ్ళందరికీ మీరు పంపిన హెచ్చరిక అది. ‘జూన్ 14 సాయంత్రం నాలుగింటికి జారో, సిమెంతో వీధి, నీలం గేటు ఇంట్లో సొరొంగన్ అనే వ్యక్తి మేడమ్ ఇబోస్ ప్రార్థన పేరుతో భోజనం పెట్టి, మా కన్నా ఎక్కువ రేక్‌బ్యాక్ ఆశ చూపవచ్చు. వెళ్ళకండి.’ ఇంత వివరంగా నేను కూడా పిలవలేకపోయేవాణ్ణి. మీ ఆటగాళ్ళు ‘ఎక్కువ రేక్‌బ్యాక్’ దాకా చదివి బయల్దేరారు.

అందరూ మోకరిల్లారు. అదీ షరతుల్లో ఒకటనుకున్నారేమో, గట్టిగా ప్రార్థించారు. ఒకడు పక్కవాడితో ‘‘నలభైకి తక్కువైతే లేచిపోతా’’ అన్నాడు. ప్రార్థన చదువుతున్న మా వదిన హొనొరాతా పుస్తకంలోంచి తలెత్తకుండానే, ‘‘నరకంలో నీకు నూటికి నూరూ ఇస్తార్రా, నోర్మూసుకో’’ అంది.

ఆ ఐదుగురు చివర వచ్చారు. చేపల రాణికి మీసాలున్నాయి. కుంటి కెప్టెన్ చక్కగా నడుస్తాడు. వాళ్ళు శాతం అడగలేదు. ఆమె ఫొటో ముందు నిలబడ్డారు.

కెప్టెన్ నా పక్కన కూర్చున్నాడు. ‘‘ఆ నలభై సైటుకి అందరం పోదామన్నాం సారూ. మేడమ్ ఒప్పుకోలేదు.’’

‘‘అక్కడంతా ఆరితేరినవాళ్ళని కదా?’’

‘‘అబ్బే. అక్కడ ఆడుతూ కబుర్లు రాసుకునే వీలు లేదట. మా ఆయన భోంచేసి పడుకుంటాడు, ఆ కాసేపూ నేనెవరితో మాట్లాడేది అంది.’’

ఏం మాట్లాడేదని అడిగాను.

‘‘మీ గురించే’’ అంది నిద్రరాని మేక. ఆమె నర్సు. నా గురక ఎలా ఉంటుందో మా ఆవిడ అక్షరాల్లో రాసి చూపించేదట. ఒకరోజు నవ్వు ఆపుకోలేక మేక గెలిచే ముక్కలు పారేసిందట. ఎలా రాసేదో చూపించమన్నాను. రాసి చూపించింది. బాగానే పట్టుకుంది ఫెలిసిదాద్.

నా పేరున ఒక ఖాతా తెరవండి. అతి చిన్న పందేల బల్ల. శాతం మీ ఇష్టం. కబుర్లు రాసుకునే వీలు మాత్రం తీసెయ్యకండి.

రేపు భోజనమయ్యాక నేను పడుకోను.

ఇట్లు,
రోమ్యులో సొరొంగన్

తా.క. హెల్మెట్ కుర్రవాడు వెళ్తూ మళ్ళీ శాతం అడిగాడు. సున్నా అన్నాను. ఇంత గుట్టుగా ఉంచుతున్నానంటే యాభై దాటే ఉంటుందన్నాడు. సంవత్సరీకం ప్రార్థనకి ఇప్పుడే పేరు రాసుకోమన్నాడు.