ఆగిన కణాల్లో మేలుకున్న జన్యువు

రైల్వే క్వార్టర్సు,
బిలాస్‌పూర్.

అమ్మకు,

నీ భాను నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ నాన్న, నేను కులాసా. అక్కడ నువ్వు, అక్క, చంటిది హాయిగా ఉన్నారని తలుస్తాను.

నాన్న వంట ఎలా ఉందని అడిగావు. పప్పు బాగానే చేస్తున్నారు. ఒకరికి తెలియకుండా ఒకరం ఉప్పు వేసేస్తున్నాం, అంతే.

"ఎదగడం మానేసిన కణాల్లో సూడ్డానికి ఏటుంటాదే?" అని కూడా రాశావు. మా ల్యాబులో ఈస్టు పెంచుతాం, బేకరీలో పిండి పొంగడానికి వేసేదే. చక్కెర ఉన్నంతసేపూ ఒక కణం రెండవుతూ పెరుగుతుంది. చక్కెర అయిపోతే ఆగిపోతుంది, చావదు. అప్పుడు చాలా జన్యువులు పని తగ్గించుకుంటాయి. కొన్ని మాత్రం అప్పుడే పని మొదలుపెడతాయి. అవేవో చూడటమే నా పని.

చలికాలంలో అలాంటిదొకటి కనబడింది. పెరిగే కణాల్లో దాని అలికిడే లేదు, ఆగిన కణాల్లో జోరుగా పనిచేస్తోంది. మా ల్యాబు పెద్ద తివారీ మేడమ్ నమ్మలేదు, నేనే ఎక్కడో పొరపడ్డాననుకున్నారు.

"గల్తీ హోగీ భాను. ఫిర్ సే కరో" అన్నారు.

మళ్ళీ చేశాను, మళ్ళీ అదే వచ్చింది. అప్పుడు ఆ జన్యువును తీసేసిన ఈస్టును, మామూలు ఈస్టును చక్కెర లేకుండా కొన్ని వారాలుంచి, కొత్తగా తిండి పెట్టాం. మామూలుది పళ్ళెం నిండా తెల్లటి చుక్కలై లేచింది. జన్యువు తీసేసినదాని పళ్ళెం దాదాపు ఖాళీ, అంటే ఆగిన కణాన్ని బతికిస్తున్నది ఆ జన్యువే! మేడమ్ దాన్ని వెలుతురుకెత్తి చూసి, నన్ను గట్టిగా కౌగిలించుకున్నారు. ఆ సాయంత్రం ల్యాబంతా సమోసాల పండగే.

ఇక ఫోనులో నీ గొంతు వింటూ చెప్పలేకపోయిన మాట. బ్యాంకు నుంచి పిలుపు వచ్చింది. నువ్వు మొక్కుకున్న ఉద్యోగమే. నేను చేరనని రాసేశాను. ఆ జన్యువు ఏం చేసి కణాన్ని బతికిస్తోందో ఇంకా ఎవరికీ తెలియదమ్మా. అది తెలుసుకోకుండా వదిలి వెళ్ళలేకపోయాను. నీకు కోపం వస్తుంది, తిట్టు. నాకు మాత్రం మనసు తేలికగా ఉంది.

నాన్నకు నిన్ననే చెప్పాను. రైలింజన్ల షెడ్డుకు బయల్దేరుతున్నవారు స్కూటరు తాళం పట్టుకుని గుమ్మంలోనే ఆగి నావైపు తిరిగారు.

"ఆ పని నీకు ఇష్టమేనేటి?"

"చాలా ఇష్టం నాన్నా."

"అచ్ఛా. అయితే సెయ్యి."

"మరి అమ్మకెవులు సెప్తారు? నువ్వే సెప్పు నాన్నా."

"నానేటి సెప్తానే! నాకు డ్యూటీ ఉంది!" అంటూ గబగబా వీధిలోకి నడిచారు, స్కూటరు గుమ్మం ముందే వదిలేసి.

ఇట్లు,
నీ తిట్ల కోసం చెవులు రిక్కించుకున్న
చిన్న కూతురు,
భానుప్రియ